పోటీ ఎవరి ఊళ్ళో పెట్టాలి?

2014 జూలైలో అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల ఊళ్ళ మైదానాల్లో గుడారాలు లేచాయి. ప్రతి గుడారం పక్కన ఒకే ఎత్తు స్తంభం, దాని మీద ఒకే రకం యాంటెన్నా. లోపల రెండు కుర్చీల్లో ఇద్దరు హామ్‌లు, అంటే సరదాకి రేడియో స్టేషన్ నడిపేవాళ్ళు, మూడో కుర్చీలో వాళ్ళు పంపే ప్రతి అక్షరాన్నీ హెడ్‌ఫోన్స్‌లో వినే రిఫరీ. పోటీ మొదలవడానికి కాసేపటి ముందు రిఫరీ సీలు వేసిన కవరు చేతికిస్తాడు. ఆ రోజుకి ఆ జట్టు గాలిలో వాడుకోవలసిన పిలుపు పేరు, అంటే కాల్‌సైన్, అందులో ఉంటుంది. అప్పటిదాకా ఎవరికి ఏది వస్తుందో బయట ఎవరికీ తెలియదు. తెలిస్తే రష్యాలో హామ్ తన దేశపు జట్టు పిలుపు కోసమే చెవులు రిక్కించి కూర్చుంటాడు, బ్రెజిల్ హామ్ తన వాళ్ళ కోసం వెతుకుతాడు. అందుకే ఎవరు ఎవరో తెలియకుండా దాచేస్తారు.

ఇది వరల్డ్ రేడియోస్పోర్ట్ టీమ్ చాంపియన్‌షిప్. ఆ ఏడు 59 జట్లు వచ్చాయి. జూలైలో అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ నడిపే 24 గంటల పోటీతో కలిపి దీన్ని జరుపుతారు. ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుని ప్రపంచంలో ఎంతమందిని పట్టుకున్నారు, ఎన్ని ప్రాంతాలను అందుకున్నారు అన్నదే లెక్క. వచ్చేవాళ్ళు డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు, రిటైరైన వాళ్ళు. ఉద్యోగానికి సెలవు పెట్టి, చేతి డబ్బు పెట్టుకుని వస్తారు.

అంతర్జాతీయ పోటీకి వేదిక ఎలా ఎంచాలన్న ప్రశ్నను ఈ హామ్‌లు పట్టించుకున్నంతగా ఇంకెవరూ పట్టించుకోలేదని నా అభిప్రాయం. పట్టించుకోక వాళ్ళకి గత్యంతరమూ లేదు. రేడియోకి ఊరే బలం. సముద్రపు ఒడ్డున యాంటెన్నా వేసినవాడి సిగ్నల్ ఉప్పునీటి మీదుగా జారి ఖండాలు దాటుతుంది. కొండ వెనక ఉన్నవాడు ఎంత నేర్పరి అయినా పక్క దేశం దాటడానికి ఆపసోపాలు పడతాడు. మామూలు పోటీల్లో సగం గెలుపు ఇంటి అడ్రసుదే. ఆ అడ్రసును లెక్కలోంచి తీసేయడానికే అందరినీ ఒకచోటికి పిలిచి పోటీ పెట్టాలన్న ఆలోచన పుట్టింది. మొదటిసారి 1990లో సియాటిల్‌లో, గుడ్‌విల్ గేమ్స్ జరుగుతున్న రోజుల్లో పెట్టారు. అమెరికా, సోవియట్ హామ్‌లు అంతవరకూ గాలిలో గొంతుగానే తెలిసినవాళ్ళని అక్కడ ఎదురుగా చూసుకున్నారు.

మొదట్లో స్థానిక హామ్‌ల ఇళ్ళలోనే స్టేషన్లు ఇచ్చేవారు. ఇంటికీ ఇంటికీ తేడా ఉంటుంది కదా. ఒకాయన పెరడు ఎత్తు మీద ఉంటుంది, ఇంకొకాయన ఇంటి ముందు కరెంటు తీగలు గోల చేస్తాయి. 2010లో మాస్కో దగ్గర ఇళ్ళన్నీ వదిలేసి ఖాళీ పొలాల్లో గుడారాలు వేశారు. యాంటెన్నా ఒకటే, పవర్ 100 వాట్లే, ఏ గుడారం ఎవరిదో చీటీ తీసి తేల్చారు. 2014లో బోస్టన్, 2018లో జర్మనీ అదే పద్ధతి పట్టుకున్నాయి. జర్మనీలో లిథువేనియా జంట గెలిచింది. చిన్న దేశం వాళ్ళు పెద్ద దేశాల మధ్య గెలిస్తే, ఆ గెలుపు చేతిదే, స్థలానిది కాదని ఎవరైనా నమ్మగలిగేలా ఆ ఏర్పాటు ఉంది.

నేలను సమం చేయడంలో ఇంకో ముచ్చటైన ఉదాహరణ రుమేనియాలో ఉంది. అక్కడి స్లానిక్ ఊళ్ళో నేలకింద 200 మీటర్లకు పైగా లోతున ఒక పాత ఉప్పు గని. దేవాలయ మండపాల్లా పైకి లేచిన ఉప్పు గోడలు. ఏడాది పొడవునా 12 డిగ్రీల దగ్గరే నిలిచే చల్లదనం. గాలి దాదాపు కదలదు. ఇంటిలోపల ఎగరేసే రబ్బరు దారపు మోడల్ విమానాలకు ప్రపంచ చాంపియన్‌షిప్‌ను చాలాసార్లు అక్కడే పెట్టారు. ఆ విమానం గ్రామున్నర కూడా తూగదు. రెక్కలకు కప్పిన పొర వేలికి తగిలితే చిరిగిపోయేంత పలచన. తలుపు తెరిస్తే వచ్చే గాలికే పక్కకి కొట్టుకుపోయే ఆ వస్తువు, మెలిపెట్టిన రబ్బరు బలంతో మనిషి నడక కంటే మెల్లగా తిరుగుతూ, పదుల నిమిషాలు పైనే ఉంటుంది. అలాంటి పోటీకి గాలి లేని గని కంటే న్యాయమైన చోటు ఏముంటుంది? ఒక్క చిక్కుంది. ఆ గనిలో పైకప్పు దగ్గర గాలి ఎలా ఉంటుందో, ఏ మూల విమానం గోడకి తగులుతుందో దగ్గర్లో ఉండి మాటిమాటికీ సాధన చేసేవాళ్ళకి ఒంటబట్టి ఉంటుంది. దూరం నుంచి వచ్చినవాడు కొద్దిపాటి సాధనలోనే అది నేర్చుకోవాలి. నేల అందరికీ ఒకటే అయినా పరిచయం ఒకటి కాదు. అందుకే స్లానిక్‌తో పాటు బెల్‌గ్రేడ్ ఎగ్జిబిషన్ హాలు, అమెరికాలో ఇండియానా రాష్ట్రపు పాత హోటల్ గోపురం వంటి చోట్లకూ ఈ పోటీ తిరుగుతుంది.

చదరంగం బల్లకీ రూబిక్స్ క్యూబుకీ ఈ బాధ లేదు. పారిస్‌లో 64 గడులే, ఇంచియాన్‌లోనూ 64 గడులే. సుడోకు, పజిల్ పోటీల వాళ్ళు భాష అడ్డురాకుండా అంకెలతో, గీతలతో ప్రశ్నలు తయారు చేసుకున్నారు. 2008లో గోవాలో జరిగినా, 2017లో బెంగళూరులో జరిగినా వచ్చినవాళ్ళ చేతికి ఒకే కాగితం. ఇలాంటి పోటీల్లో న్యాయం హాలు లోపల దాదాపు తేలిపోయింది. మిగిలిన సమస్య అంతా హాలు గుమ్మం దగ్గరే ఉంది. ఎవరు రాగలిగారు, ఎవరిని రానివ్వలేదు?

చదరంగం చరిత్ర ఈ విషయంలో ఒక పాఠ్యపుస్తకం. 1976 ఒలింపియాడ్‌ను ఇజ్రాయెల్‌లోని హైఫాకిచ్చారు. సోవియట్ కూటమి, అరబ్ దేశాలు వెళ్ళలేదు. లిబియా అదే సమయానికి ట్రిపోలిలో ఇంకో ఒలింపియాడ్ పెట్టింది. ప్రపంచ చదరంగం ఆ ఏడు రెండు ఊళ్ళలో సగం సగంగా జరిగింది. పదేళ్ళకు 1986లో దుబాయ్ వంతు వచ్చింది. అప్పుడు ఇజ్రాయెల్ జట్టుకి చోటు లేదు. నిరసనగా కొన్ని యూరప్ దేశాలు ఆగిపోయాయి. మనమంతా ఒకే కుటుంబం అనే అర్థం వచ్చే లాటిన్ వాక్యం అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నినాదం. ఆ నినాదం పెట్టుకున్న సంస్థే పదేళ్ళ తేడాలో రెండుసార్లు ఇంటి గుమ్మం ముందే కుటుంబాన్ని చీల్చుకుంది.

2017 డిసెంబరులో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలు సౌదీ రాజధాని రియాద్‌లో జరిగాయి. బహుమతి మొత్తం 20 లక్షల డాలర్లు. ఇజ్రాయెల్ ఆటగాళ్ళకు వీసాలు రాలేదు. అప్పటికి ర్యాపిడ్, బ్లిట్జ్ రెండింటిలోనూ ప్రపంచ చాంపియన్‌గా ఉన్న ఉక్రెయిన్ ఆటగత్తె అన్నా ముజీచుక్, అక్కడి ఆంక్షల మధ్య తాను ఆడనని చెప్పి రెండు టైటిళ్ళూ వదులుకుంది. మన విశ్వనాథన్ ఆనంద్ 48 ఏళ్ళ వయసులో అక్కడే ర్యాపిడ్ టైటిల్ గెలిచాడు. ఆ గెలుపు మనకి పండగే. అయినా, ఆ హాల్లో ఉండాల్సిన కొందరు లేరన్న లోటు ఆ పోటీ మీద మిగిలిపోయింది. మరుసటి ఏడు మళ్ళీ సౌదీలో జరగాల్సిన పోటీని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి మార్చారు.

వీసా బాధ రాజకీయ వైరం ఉన్న దేశాల మధ్యనే ఉంటుందనుకోకూడదు. 2024 చివర్లో మన వరంగల్ కుర్రాడు ఎరిగైసి అర్జున్ న్యూయార్క్ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలకు వెళ్ళాలి. వీసా స్టాంపింగ్‌కి ఇచ్చిన పాస్‌పోర్టు తిరిగి రాలేదు. ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళ వరసలో ఉన్న మనిషి, తన పాస్‌పోర్టు త్వరగా ఇప్పించమని సోషల్ మీడియాలో బహిరంగంగా అడగాల్సి వచ్చింది. పత్రికలు రాశాయి, పాస్‌పోర్టు వచ్చింది, వెళ్ళాడు. అదే పోటీలో మన కోనేరు హంపి మహిళల ర్యాపిడ్ ప్రపంచ టైటిల్ రెండోసారి గెలిచింది. అర్జున్ అడిగితే పత్రికలు రాస్తాయి. గుంటూరులో ఇంటర్ చదువుతూ క్యూబ్ పోటీకి అర్హత తెచ్చుకున్న పిల్లవాడి కోసం ఎవరు రాస్తారు? వాడికి అపాయింట్‌మెంట్ పోటీ అయిపోయిన నెలకి దొరుకుతుంది. వాళ్ళ నాన్న టికెట్ డబ్బు పోగొట్టుకుంటాడు. ఆ పిల్లవాడి పేరు ఏ ఫలితాల పట్టికలోనూ ఉండదు కాబట్టి ఆ అన్యాయం జరిగినట్టే ఎవరికీ తెలియదు.

ఇతరుల గుమ్మం గురించి మాట్లాడేటప్పుడు మన గుమ్మం కూడా చూసుకోవాలి. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ షూటింగ్ ప్రపంచ కప్‌కు పాకిస్తాన్ షూటర్లకు వీసాలు అందలేదు. పుల్వామా దాడి జరిగిన రోజులవి, దేశం కోపంలో ఉంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ షూటర్లు పోటీ చేయాల్సిన విభాగపు ఒలింపిక్ బెర్తులు రద్దు చేసి, భారత్‌కు కొత్త పోటీలు ఇచ్చే చర్చలన్నీ ఆపేసింది. అదే ఏడు జూన్‌లో, అర్హులైన ఎవరినైనా రానిస్తామని మన ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇచ్చాక ఆంక్ష ఎత్తేశారు. ఒక్క ఉత్తరంతో తెరుచుకున్న తలుపు అది. ఆ ఉత్తరం ఆతిథ్యం అడిగిన రోజే ఇచ్చి ఉంటే ఇంత గొడవే ఉండేది కాదు. అదే ఏడు మలేసియా ఇజ్రాయెల్ ఈతగాళ్ళను రానివ్వనంటే పారా స్విమ్మింగ్ ప్రపంచ పోటీని అక్కడినుంచి తీసేసి లండన్‌కు ఇచ్చారు. గుమ్మం మూసుకుంటే వేదిక మార్చగలరన్నదానికి అది రుజువు. ధైర్యం ఉన్న సంస్థలు ఆ పని చేశాయి, డబ్బుకి మొగ్గినవి చేయలేదు.

2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేయగానే చదరంగ ఒలింపియాడ్‌ను రష్యా నుంచి తీసేశారు. మార్చిలో చెన్నై పేరు ఖాయమైంది, జూలై 28న ప్రారంభోత్సవం జరిగి, మరునాడు మామల్లపురంలో ఆటలు మొదలయ్యాయి. మధ్యలో నాలుగు నెలలు. తమిళనాడు ప్రభుత్వం 90 కోట్లకు పైగా కేటాయించి, 180కి పైగా దేశాల వాళ్ళకి బసా భోజనం చూసింది. భారత్‌లో ఒలింపియాడ్ జరగడం అదే మొదలు. అందులోనూ ఒక ముల్లు దిగింది. ఒలింపియాడ్ జ్యోతి యాత్ర కశ్మీర్ మీదుగా సాగిందన్న అభ్యంతరంతో పాకిస్తాన్ జట్టు, చెన్నై దాకా వచ్చి, ప్రారంభం రోజునే వెనక్కి తగ్గింది. ఎవరిది తప్పు అనే వాదనలోకి నేను పోను. వీసా ఇచ్చి పిలిచిన తర్వాత కూడా ఆతిథ్యంలో చేసే ప్రతి అలంకారం ఒక అతిథిని దూరం చేయగలదు.

ఆ మామల్లపురంలోనే నేను మరిచిపోలేని దృశ్యం ఇంకొకటి ఉంది. మన గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక నిండు నెలల గర్భంతో బోర్డు ముందు కూర్చుంది. తొమ్మిదో నెల. గంటల తరబడి కదలకుండా కూర్చోవాల్సిన ఆట. జట్టు కంచు పతకం గెలిచింది. చదరంగ ఒలింపియాడ్‌లో భారత మహిళలకి అదే తొలి పతకం. పోటీ దూరదేశంలో జరిగి ఉంటే ఆ నెలల్లో ఆమెను ఏ విమానం ఎక్కించుకునేది? ఏ డాక్టరు ఒప్పుకునేవాడు? స్వదేశంలో పోటీ అంటే చప్పట్లు, జెండాలు అనుకుంటాం. హారికకు అది ఆడగలగడం, ఆడలేకపోవడం మధ్య తేడా. ఇలాంటి అవకాశం ప్రపంచంలో ప్రతి మూలకూ ఎప్పుడో ఒకప్పుడు రావాలి కదా. వేదిక తిరుగుతూ ఉండాలనడానికి ఇంతకంటే బలమైన కారణం నాకు కనపడలేదు.

తిరుగుతోందా మరి? క్యూబ్ ప్రపంచ పోటీలు 1982లో బుడాపెస్ట్‌లో ఒకసారి జరిగి, 2003లో టొరంటోలో మళ్ళీ మొదలయ్యాయి. అక్కడి నుంచి 2025 సియాటిల్ దాకా 11 జరిగాయి. ఉత్తర అమెరికాలో నాలుగు, యూరప్‌లో మూడు, ఆసియాలో బ్యాంకాక్, ఇంచియాన్ రెండు, సావో పాలో ఒకటి, మెల్‌బోర్న్ ఒకటి. ఆఫ్రికాలో లేదు. భారత్‌లో లేదు. క్యూబర్లకు ఒక ఊరట ఉంది. ఎక్కడ గుర్తింపు పొందిన పోటీ జరిగినా అక్కడి టైమ్ ప్రపంచ ర్యాంకింగ్‌లోకి వెళ్తుంది. హైదరాబాద్‌లో ఒక స్కూలు హాల్లో ఆదివారం పూట సాల్వ్ చేసిన క్యూబుకు మెల్‌బోర్న్ క్యూబుతో సమాన విలువ. ప్రపంచ రికార్డు అక్కడే కొట్టొచ్చు. ఒకే ఊరికి, ఒకే తేదీకి మొత్తం గౌరవాన్ని కట్టేయకపోవడం వల్ల క్యూబ్ సంఘం సగం సమస్యను ముందే తీర్చుకుంది. మిగతా హాబీల వాళ్ళు దీన్ని నేర్చుకోవాలి.

రేడియో పోటీ లెక్క ఇంతకంటే ఇరుకు. సియాటిల్, శాన్ ఫ్రాన్సిస్కో, స్లోవేనియా, ఫిన్లాండ్, బ్రెజిల్, మాస్కో, బోస్టన్, జర్మనీ, ఇటలీ, ఆ తర్వాత 2026కి ఇంగ్లండ్. పదింటిలో ఆరు యూరప్‌కి, మూడు అమెరికాకి, ఒకటి బ్రెజిల్‌కి. రేడియో ప్రపంచాన్ని మూడు మండలాలుగా పంచారు. ఆసియాలో చాలా భాగం, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు ఉన్నది మూడో మండలంలో. ఆ మండలానికి ఈ పోటీ ఒక్కసారీ రాలేదు.

దీనికి చెప్పే కారణాలు కొట్టిపారేయదగ్గవి కావు. యూరప్‌లో ఏ దిక్కుకు యాంటెన్నా తిప్పినా వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల లోపు వేలమంది హామ్‌లు. రాత్రంతా ఊపిరి సలపని పిలుపులు. మన దక్కన్ పొలాల్లో గుడారం వేస్తే అంత గుంపు దొరకాలంటే అయిదారు వేల కిలోమీటర్లు దాటాలి. పిలుపులు తక్కువైతే అదృష్టం వాటా పెరుగుతుంది. పైగా జూలై మనకు వానాకాలం, ఉరుముల చప్పుడుకి కింది బ్యాండ్లలో చెవులు గింగురుమంటాయి. ఇవన్నీ నిజమే. అయితే ఇవి పోటీ సందడి గురించిన అభ్యంతరాలు. అన్ని గుడారాలూ ఒకే వానలో, ఒకే దూరంలో ఉన్నప్పుడు ఒకరికి జరిగే అన్యాయం ఏదీ లేదు. పోనీ మన నేల వద్దు, జపాన్ సంగతేమిటి? అక్కడ హామ్ లైసెన్సులు లక్షల్లో ఉన్నాయి. ఆస్ట్రేలియాకి జూలై చలికాలం. మూడో మండలానికి వంతు రాకపోవడానికి ఆకాశం ఒక్కటే కారణమని నేను నమ్మను. అలవాటు, పరిచయాలు, పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తల గుంపు ఎక్కడుందన్నదీ కారణాలే.

అనుమతులు ఇంకో కారణం. యూరప్‌లో ఒక దేశపు హామ్ ఇంకో దేశంలో పెద్దగా కాగితాలు లేకుండా స్టేషన్ నడపగలడు. మన దగ్గర విదేశీ హామ్‌కు అనుమతి రావడం, అతని సెట్టు కస్టమ్స్ దాటడం ఓ యజ్ఞం. అది అసాధ్యం కాదని చూపించింది మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. అండమాన్ నుంచి ఏళ్ళ తరబడి ఏ హామ్ పిలుపూ వినపడని రోజుల్లో, 2004 డిసెంబరులో అనుమతి సంపాదించి భారతి ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో స్టేషన్ పెట్టింది. వీయూ4ఆర్‌బీఐ అన్న ఆ కాల్‌సైన్ కోసం ప్రపంచం నలుమూలల హామ్‌లు ఎగబడ్డారు. డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. సరదాకి తెచ్చిన సెట్లతోనే ఆ బృందం దీవుల నుంచి బతికున్నవాళ్ళ కబుర్లు బయటికి చేర్చింది. 2006 ఏప్రిల్‌లో అదే పోర్ట్‌బ్లెయిర్‌కు విదేశీ హామ్‌లను పిలిచి మైకు ముందు కూర్చోబెట్టారు. ప్రభుత్వం తలుచుకుంటే తలుపు తెరుచుకుంటుంది.

ఇక డబ్బు. చదరంగ ఒలింపియాడ్ 1939లో మొదటిసారి యూరప్ దాటి బ్యూనస్ ఐరిస్ వెళ్ళింది. యూరప్ జట్లు పిరియాపోలిస్ అనే ఓడెక్కి దాదాపు మూడు వారాలు ప్రయాణం చేశాయి. ఆట సగంలో ఉండగా రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. నైడార్ఫ్ వంటి ఆటగాళ్ళు తిరిగి వెళ్ళలేక అక్కడే ఉండిపోయారు. అంత దూరం అంతమంది వెళ్ళగలిగారంటే వెనక ఆతిథ్య దేశపు సాయం ఉంది. ఒలింపియాడ్‌లో ఇవాళ్టికీ జట్ల బసా భోజనం ఆతిథ్యం ఇచ్చేవాళ్ళదే. చిన్న హాబీలకు అలాంటి ప్రభుత్వాలు దొరకవు, ఎవరి ఖర్చు వాళ్ళదే. అప్పుడు వేదిక ఏ ఖండంలో ఉందన్నదే ఎవరి ఇంట్లో అప్పు పుడుతుందో తేలుస్తుంది. ప్రవేశ రుసుములో కొంత భాగాన్ని దూరం నుంచి వచ్చేవాళ్ళ టికెట్లకు తీసిపెట్టడం పెద్ద పనేం కాదు. దగ్గరివాడు కాస్త ఎక్కువ ఇస్తే దూరపువాడు రాగలుగుతాడు. మళ్ళీ వేదిక మారినప్పుడు ఈ ఇచ్చిపుచ్చుకోవడం తిరగబడుతుంది.

ఇంతా చూశాక నా తీర్పు ఇది. నేల సంగతి, హాలు సంగతి, కరెంటు, యాంటెన్నా సంగతి నిర్వాహకులకు వదిలేయవచ్చు. వాళ్ళకది వచ్చు, బోస్టన్ పొలాల్లో నిరూపించారు. వేదిక ఎంచేవాళ్ళు ముందు చూడాల్సింది గుమ్మం. అర్హత ఉన్న ఏ దేశం వాళ్ళనైనా రానిస్తామన్న ప్రభుత్వ ఉత్తరం బిడ్‌తో పాటే రావాలి. పోటీకి ఇన్ని నెలల ముందు వీసాలు చేతిలో పడకపోతే వేదిక మారుతుందని తేదీతో సహా రాసుకోవాలి. గత మూడు పోటీలు జరిగిన ఖండానికి నాలుగోది ఇవ్వాలంటే గట్టి కారణం రాతలో చూపాలి.

ఆతిథ్యం అడిగేవాళ్ళకీ ఇచ్చేవాళ్ళకీ నా విన్నపం ఒక్కటే. పోటీ ముగిశాక ఫలితాల పట్టిక కింద ఇంకో పట్టిక అచ్చువేయండి. అర్హత ఉండీ రాలేకపోయిన వాళ్ళు ఎందరు, ఏ దేశాల వాళ్ళు, వీసా రాలేదా, డబ్బు చాలలేదా, దారి మూసేశారా అన్నది రాయండి. తర్వాతి వేదిక ఎంచడానికి కూర్చున్నప్పుడు ముందు ఆ కాగితం చదవండి.